యాంజియోలో బ్లాకులు లేవు, మరి కిడ్నీ డాక్టరు గుండె గురించే ఎందుకు అంతగా చెబుతున్నారు?

ప్రశ్న: మాది విశాఖ గాజువాక. నాన్నగారికి 61 ఏళ్ళు. పదిహేనేళ్ళుగా షుగర్. క్రియాటినిన్ 2.1, ఈజీఎఫ్ఆర్ 35, మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రొటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి 420. ఇంట్లో బీపీ 168/70 దగ్గర ఉంటోంది. ఛాతీ ఎక్స్‌రేలో అయోర్టా దగ్గర కాల్షియం కనిపిస్తోందని రాశారు. ఎకోలో ఈఎఫ్ 60 శాతం ఉంది గానీ గుండె గోడ మందంగా ఉందన్నారు. రెండేళ్ళ కిందట చేసిన యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవు. మా టెన్షనంతా డయాలసిస్ ఎప్పుడొస్తుందోనని. కిడ్నీ డాక్టరు మాత్రం రక్తనాళాలు గట్టిపడ్డాయి, గుండె జాగ్రత్త అంటున్నారు. గట్టిపడటమంటే ఏమిటి? అది తగ్గుతుందా? పల్స్ వేవ్ టెస్ట్ చేయించాలా? కాల్షియం పేరుకుంది కాబట్టి పాలు మానేయాలా? ఉద్దానంలో లాగా నీళ్ళ వల్ల వచ్చిందా?

సమాధానం:

మీ డాక్టరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు సరైన మాట. నేను విశాఖలోనే చాలా ఏళ్ళుగా కిడ్నీ రోగులను చూస్తున్నాను. దాదాపు ప్రతి కుటుంబమూ మీలాగే క్రియాటినిన్ మీదే చూపు పెట్టి వస్తుంది. పోయినసారి 1.9 ఉండేది, ఇప్పుడు 2.1 అయింది, ఇంకెంత కాలం అని. మీరు రాసిన అంకెల్లో నాకు ముందు కనిపించింది 2.1 కాదు. 168కీ 70కీ మధ్య ఉన్న తేడా. అది 98. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ తేడా 40 దగ్గర ఉంటుంది. పెద్ద వయసులో 60 దాటితేనే పెద్ద రక్తనాళాలు బిరుసెక్కాయేమో అని ఆలోచిస్తాం.

కాలిఫోర్నియాలో 11 లక్షల మందికి పైగా పెద్దవాళ్ళ వివరాలు పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. కిడ్నీల పనితీరు, అంటే మీ రిపోర్టులోని ఈజీఎఫ్ఆర్, 60 కన్నా కిందికి దిగిన దగ్గర నుంచి గుండెపోటు, పక్షవాతం, మరణం, ఆసుపత్రిలో చేరడం, అన్నీ మెట్టు మెట్టుగా పెరిగాయి. 45 కన్నా తగ్గాక ఆ పెరుగుదల ఇంకా నిటారుగా ఉంది. మీ నాన్నగారిలా మూడో దశలో (ఈజీఎఫ్ఆర్ 30 నుంచి 59) ఉన్నవాళ్ళలో ఎక్కువమంది డయాలసిస్ దాకా వెళ్ళరు. వాళ్ళకు ముందుగా ఎదురయ్యే ముప్పు గుండె నుంచి, రక్తనాళాల నుంచి వస్తుంది. మీ నాన్నగారికి మూత్రంలో అల్బుమిన్ 420 పోతోంది కాబట్టి కిడ్నీ ముప్పు కూడా చిన్నదేమీ కాదు. అయితే ఈ రెండింటికీ చేయాల్సిన పనులు చాలావరకు ఒకటే, ఆ సంగతి మీకు కొంత ధైర్యం ఇవ్వాలి.

గట్టిపడటమంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మందులు, ఉప్పు, బీపీ అన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనిని బృహద్ధమని అంటాం, రిపోర్టుల్లో అయోర్టా అని రాస్తారు. అది రక్తాన్ని మోసుకుపోయే గొట్టం మాత్రమే కాదు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఒక్క ఉదుటున అందులోకి వస్తుంది. బృహద్ధమని సాగి, అందులో కొంత భాగాన్ని తనలో పట్టి ఉంచుకుంటుంది. గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో మళ్ళీ ముడుచుకుని ఆ రక్తాన్ని ముందుకు తోస్తుంది. అందువల్లే గుండె ఆగి ఆగి కొట్టినా, అవయవాలకు రక్తం ఆగకుండా అందుతుంది. బీపీలో కింది అంకె నిలబడేది చాలావరకు ఈ సాగే గుణం వల్లే.

ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉన్న రబ్బరు గొట్టంలా ఆ గోడ బిరుసెక్కిందనుకోండి. గుండె తోసినప్పుడు గోడ సాగదు, అందుకే పై అంకె ఎగబాకుతుంది. గుండె ఆగినప్పుడు వెనక్కి తోసే బలం ఉండదు, అందుకే కింది అంకె జారిపోతుంది. 168/70 అంటే ఇదే. చాలామంది "పైది ఎక్కువున్నా కిందిది బాగానే ఉంది కదండీ" అని ఊరట పడతారు. ఈ వయసులో, ఈ జబ్బులో, పైది ఎక్కువై కిందిది తక్కువగా ఉండటం ఊరట పడాల్సిన విషయం కాదు, అది ధమని గట్టిపడిందనడానికి గుర్తు.

దీని ఫలితం మూడు చోట్ల పడుతుంది. మొదటిది గుండె. ప్రతి దెబ్బకూ ఎక్కువ ఒత్తిడికి ఎదురొడ్డి తోయాలి కాబట్టి కండ మందమవుతుంది. మీ ఎకో రిపోర్టులో రాసింది అదే. ఈఎఫ్ 60 శాతం అంటే గుండె ముడుచుకోవడం బాగుందని అర్థం. మందమైన గుండె వదులవడంలో ఇబ్బంది పడుతుంది, ఆ సంగతి ఈఎఫ్ చెప్పదు. కాబట్టి ఈఎఫ్ బాగుండి కూడా మెట్లెక్కితే ఆయాసం రావచ్చు, కాళ్ళు వాయవచ్చు, పడుకుంటే ఊపిరి ఆడకపోవచ్చు. పైగా గుండె కండకు రక్తం అందేది ప్రధానంగా అది విశ్రాంతిలో ఉన్నప్పుడే. అప్పుడు ఒత్తిడి 70, 60కి పడిపోతే, మందమైన ఆ కండకు కావలసినంత రక్తం అందదు. అవసరం పెరిగింది, సరఫరా తగ్గింది. బ్లాకు ఒక్కటీ లేకుండానే గుండె ఆకలితో పనిచేస్తోందన్నమాట.

రెండోది కిడ్నీ, మూడోది మెదడు. ఈ రెండు అవయవాలూ నిమిషానికి చాలా రక్తాన్ని అడ్డులేకుండా లోపలికి తీసుకుంటాయి. బృహద్ధమని మెత్తగా ఉన్నంత కాలం నాడి ఉధృతిని అదే మింగేసి, వీటికి సాఫీగా రక్తం పంపుతుంది. అది బిరుసెక్కాక ప్రతి నాడి దెబ్బా నేరుగా కిడ్నీలోని సన్నని వడపోత గుచ్ఛాల దాకా వెళ్తుంది. అల్బుమిన్ కారడం పెరుగుతుంది, కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది, దెబ్బతిన్న కిడ్నీ మళ్ళీ ధమనులను గట్టిపరుస్తుంది. అందుకే కిడ్నీ డాక్టరు గుండె గురించి మాట్లాడితే వేరే విభాగం సంగతి మాట్లాడుతున్నారని అనుకోకండి. ఒకే జబ్బు రెండు కొసల గురించి చెబుతున్నారు.

ఇక యాంజియోగ్రామ్ విషయం. ధమని గోడలో పొరలుంటాయి. లోపలి పొరలో కొవ్వు చేరి దారి ఇరుకవడం ఒక జబ్బు. బ్లాకులంటే అవే, యాంజియోలో కనిపించేవీ అవే. మధ్య పొరలో, కండరమూ సాగే పీచూ ఉండే చోట, కాల్షియం పేరుకోవడం రెండో జబ్బు. 1903లో మోంకెబెర్గ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఇందులో రక్తం పారే దారి ఇరుకవకపోవచ్చు, గోడ మాత్రం రాయిలా అవుతుంది. యాంజియోగ్రామ్ దారిని చూపిస్తుంది, గోడ ఎంత సాగుతుందో చూపించదు. షుగర్, కిడ్నీ జబ్బు కలిసిన వాళ్ళలో రెండు రకాలూ కలిసే ఉంటాయి, కానీ ఈ రెండో రకం కిడ్నీ జబ్బు సొంత ముద్ర. కాబట్టి రెండేళ్ళ కిందటి ఆ రిపోర్టు అబద్ధం కాదు. అది జవాబు చెప్పింది వేరే ప్రశ్నకు.

కాల్షియం ఎందుకు పేరుకుంటుంది? ఒకప్పుడు మేమూ రక్తంలో ఎక్కువైన కాల్షియం, ఫాస్ఫేట్ గోడలకు పట్టేస్తాయని చదువుకున్నాం. ఇప్పుడు తెలిసింది ఇంకా లోతైన సంగతి. కిడ్నీ ఫాస్ఫేట్‌ను బయటికి పంపలేనప్పుడు, ఆ ఫాస్ఫేట్ ధమని గోడలోని కండర కణాల స్వభావాన్నే మార్చేస్తుంది. అవి కండర కణాల్లా ప్రవర్తించడం మానేసి, ఎముకను తయారుచేసే కణాల్లా ప్రవర్తిస్తాయి. మామూలుగా దీన్ని అడ్డుకునే రక్షణలు ఒంట్లో కొన్ని ఉంటాయి. కిడ్నీలో తయారయ్యే క్లోతో అనే ప్రొటీన్ అందులో ఒకటి, కిడ్నీ జబ్బులో అది ముందుగానే తగ్గిపోతుంది. చిన్నప్పటి నుంచి కిడ్నీ జబ్బుతో ఉండి డయాలసిస్ మీద ఉన్న యువతీ యువకులకు స్కాన్ చేస్తే, ఇరవైల్లోనే గుండె ధమనుల్లో కాల్షియం కనిపించిందని 2000లో ఒక అధ్యయనం చూపించింది. వాళ్ళకు కొలెస్టరాల్ సమస్యతో గడిపిన నలభై యాభై ఏళ్ళు లేవు. కిడ్నీ జబ్బు ఒక్కటే చాలింది.

దీనికి షుగర్ తోడైతే చక్కెర అణువులు గోడలోని కొల్లాజెన్ పీచులను ఒకదానితో ఒకటి అతికించేస్తాయి. ఉప్పు ఎక్కువైతే గోడ మరింత బిరుసెక్కుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నల్లో పాల సంగతి. రక్తనాళంలో కాల్షియం ఉంది కాబట్టి తిండిలో కాల్షియం మానేయాలనుకోవడం సహజమే, కానీ అది సరైన దారి కాదు. ఆహారంలో మామూలుగా వచ్చే కాల్షియం ఎముకలకు కావాలి. రోజుకు ఒక గ్లాసు పాలో, ఒక కప్పు పెరుగో ఆయనకు ఫర్వాలేదు. ఫాస్ఫరస్ రిపోర్టు ఎక్కువొస్తే ఎంత తగ్గించాలో మీ డాక్టరు చెబుతారు. మానాల్సింది సొంతంగా వేసుకునే కాల్షియం మాత్రలు. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో అడిగి కాల్షియం కొనుక్కోవడం, దాంతో పాటు వారానికో 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి పాలలో కలుపుకుని నెలల తరబడి తాగడం మన దగ్గర మామూలైపోయింది. కిడ్నీ జబ్బులో ఇది నిజంగా ప్రమాదం. ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచడానికి భోజనంతో ఇచ్చే మాత్రల్లో కూడా కాల్షియం ఉన్నవాటిని పరిమితంగా వాడమనే 2017 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆయన ప్రస్తుతం ఏవైనా వేసుకుంటుంటే, అవి ఎవరు రాశారో, ఎందుకు రాశారో చూసి డాక్టరుకు చూపించండి.

ఫాస్ఫరస్ విషయంలో పప్పుల గురించి అనవసరంగా భయపడతారు. పప్పు, గింజల్లోని ఫాస్ఫరస్‌లో సగం కూడా ఒంటికి పట్టదు. కూల్ డ్రింకులు, ప్యాకెట్లలో వచ్చే మాంసం, ప్రాసెస్డ్ చీజ్, బేకరీ సరుకుల్లో నిల్వ కోసం కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు పూర్తిగా రక్తంలోకి వెళ్తుంది. ముదురు రంగు కోలాలు పూర్తిగా మాన్పించండి. ముద్దపప్పు కాదు శత్రువు.

శత్రువు పక్కనున్న ఆవకాయ. ఇది చెప్పడానికి నాకూ బాధగానే ఉంటుంది, కానీ గట్టిపడిన రక్తనాళాలున్న మనిషికి ఉప్పు తగ్గించడంకన్నా బలమైన ఇంటి వైద్యం లేదు. 2013లో ఆస్ట్రేలియాలో మూడు, నాలుగు దశల కిడ్నీ రోగుల మీద చేసిన ఒక చిన్న పరిశోధనలో, ఉప్పు బాగా తగ్గించినప్పుడు 24 గంటల బీపీలో పై అంకె సుమారు 10 తగ్గింది. అది ఒక మందు చేసేంత పని. మూత్రంలో పోయే ప్రొటీన్ కూడా తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే అన్నిటిలో కలిపి ఒక టీస్పూను. ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలుసుకోవడానికి నేను చెప్పే లెక్క ఇది. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ 50 రోజులు రావాలి. మీ ఇంట్లో నెలకే అయిపోతోందా? పచ్చళ్ళకు వాడిన ఉప్పు ఈ లెక్కలో లేనే లేదు. అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండు నెత్తళ్ళు, ఉప్పుచేప, సాయంత్రం బీచ్‌లో తినే మురి మిక్చర్, ఇవన్నీ వేరే. మన ఉత్తరాంధ్రలో ఎండుచేపల రుచి వదులుకోవడం కష్టమే. ఆయనకు తాజా చేప పెట్టండి, చింతపండు, నిమ్మరసం, ఆవపొడి, కరివేపాకు ధారాళంగా వాడండి. మూడు నాలుగు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

ఒక హెచ్చరిక. బజారులో తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. ఆయన కిడ్నీ పనితీరుకు, వేసుకునే బీపీ మాత్రలకు అది సరిపడదు, పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. సైంధవ లవణమూ సోడియమే, దానివల్ల ప్రత్యేకమైన లాభం లేదు. రోజూ కొబ్బరి బోండాం తాగే అలవాటుంటే, పొటాషియం రిపోర్టు చూసే దాకా ఆపండి.

బీపీ ఎలా కొలుస్తున్నారో కూడా ముఖ్యం. ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి కూర్చున్నాక, చేయి గుండె ఎత్తులో పెట్టి, పొద్దున మందులకు ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, వారం రోజులు కొలిచి రాసిపెట్టండి. మొదటిసారి రెండు చేతులకూ చూడండి, ఎక్కువ వచ్చిన చేతినే తర్వాత వాడండి. ఆ తర్వాత నిలబెట్టి, ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడండి. దీన్ని దాదాపు ఎవరూ చేయరు. గట్టి ధమనులున్న షుగర్ రోగుల్లో కూర్చుంటే 168 ఉన్నది నిలబడితే 130కి పడిపోవడం నేను తరచూ చూస్తుంటాను. అలాంటివాళ్ళకు మందులు ఒక్కసారిగా పెంచితే రాత్రి బాత్రూముకు లేచినప్పుడు కళ్ళు తిరిగి పడతారు. వీలైతే ఒకసారి 24 గంటల బీపీ పరీక్ష చేయించండి. మామూలుగా నిద్రలో బీపీ పది శాతానికి పైగా తగ్గాలి, కిడ్నీ రోగుల్లో చాలామందికి తగ్గదు.

ఎంతకు తేవాలి? 2021 అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు పై అంకె 120 కన్నా తక్కువ ఉండాలంటాయి, అదీ పద్ధతి ప్రకారం కొలిచినప్పుడు. దానికి ప్రధాన ఆధారమైన 2015 నాటి స్ప్రింట్ పరిశోధనలో షుగర్ ఉన్నవాళ్ళను చేర్చుకోలేదు. మీ నాన్నగారికి షుగర్ ఉంది, కింది అంకె ఇప్పటికే 70. నా అభిప్రాయం అడిగితే, కొన్ని నెలల్లో మెల్లగా 130 కిందికి తెచ్చి, నిలబడినప్పుడు బీపీ, ఒంట్లో తేలిక ఎలా ఉన్నాయో చూసి, ఆ తర్వాతే ఇంకా దించాలా అన్నది ఆలోచిస్తాను. కింది అంకె 60 కన్నా బాగా పడిపోతుంటే, ఛాతీలో ఇబ్బంది ఉంటే, అక్కడ ఆగుతాను.

మందుల విషయంలో పేర్లు చెబుతాను. ఇవి మీరు కొని మొదలుపెట్టడానికి కాదు, మీ డాక్టరుతో మాట్లాడటానికి. అల్బుమిన్ 420 ఉంది కాబట్టి టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటి మందు ఆయనకు పునాది. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూడాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే మందు ఆపక్కర్లేదు. 2.1 కాస్తా 2.4 అయిందని భయపడి ఇంట్లోనే మాత్ర ఆపేసేవాళ్ళు చాలామంది, దయచేసి ఆ పని చేయకండి. తోడుగా అమ్లోడిపిన్ లాంటిది బాగా పనిచేస్తుంది. దానితో మడమల దగ్గర వాపు రావచ్చు, అది కిడ్నీ వాపేనని ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు, డాక్టరుకు చూపించండి. ఒంట్లో నీరు ఎక్కువుంటే, దాన్ని మూత్రంలో బయటికి పంపే క్లోర్తాలిడోన్ అనే మాత్ర నాలుగో దశ రోగుల్లో కూడా 24 గంటల పై అంకెను 10కి పైగా తగ్గిస్తుందని 2021లో రుజువైంది. అటెనొలాల్ అనే బీపీ మాత్ర మీద చాలా ఏళ్ళుగా ఉంటే దాని గురించి అడగండి. చేతి దగ్గర బీపీ సమానంగా తగ్గినట్టు కనిపించినా, బృహద్ధమనిలో అది అమ్లోడిపిన్-పెరిండోప్రిల్ జతంత బాగా తగ్గించదని 2006లోనే తెలిసింది.

ఇక డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర. ఆయన మందుల చీటీలో ఇది లేకపోతే, ఎందుకు లేదో తప్పక అడగండి. 2020లో వచ్చిన డాపా-సీకేడీ పరిశోధనలో, ఈజీఎఫ్ఆర్ 25 నుంచి 75 మధ్య ఉండి, మూత్రంలో అల్బుమిన్ పోతున్న వాళ్ళకు ఇచ్చినప్పుడు, కిడ్నీ బాగా పడిపోవడం, డయాలసిస్, కిడ్నీ లేదా గుండె మరణం కలిపి చూస్తే ముప్పు 39 శాతం తగ్గింది. మీ నాన్నగారి అంకెలు సరిగ్గా ఆ పరిధిలోనే ఉన్నాయి. అదే 2020లో మన దేశంలో పేటెంట్ ముగిశాక ధర బాగా దిగింది, ఇప్పుడు మధ్యతరగతికి అందుబాటులోనే ఉంది. మూత్రం పోసే చోట శుభ్రత పాటించాలి. వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండి తినలేని రోజుల్లో, ఆపరేషన్‌కు ముందు ఆపాలి. షుగర్ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బులో ఫినెరినోన్ కూడా గుండెకు, కిడ్నీకి మేలు చేస్తుంది, పొటాషియం అనుకూలంగా ఉంటేనే.

యాభై దాటిన కిడ్నీ రోగికి కొలెస్టరాల్ అంకె ఎంతున్నా స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మాత్ర) ఇవ్వమనే మార్గదర్శకం. అది మధ్య పొర కాల్షియాన్ని కరిగించదు. లోపలి పొర కొవ్వు వల్ల వచ్చే గుండెపోటు, పక్షవాతాలను తగ్గిస్తుంది. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా ప్రారంభిస్తే లాభం కనబడలేదు, అంటే వేయాల్సిన కాలం ఇదే.

పల్స్ వేవ్ పరీక్ష గురించి. మెడ దగ్గర ధమని నుంచి తొడ మొదట్లో ధమని దాకా నాడి అల ఎంత వేగంగా వెళ్తుందో కొలుస్తారు. గోడ ఎంత బిరుసైతే అల అంత వేగం. యువకుల్లో సెకనుకు 5 నుంచి 7 మీటర్లు ఉంటుంది, 10 దాటితే ఎక్కువగా లెక్కిస్తాం. ఫ్రాన్స్‌లో డయాలసిస్ రోగులపై 1999లో చేసిన అధ్యయనంలో ఈ వేగం ఎక్కువున్న వాళ్ళలో మరణాలు ఎన్నో రెట్లు ఎక్కువ కనిపించాయి. 2001లో అదే బృందం మరో ముఖ్యమైన సంగతి చూపించింది: మందులతో బీపీ తగ్గినప్పుడు అల వేగం కూడా తగ్గిన వాళ్ళు ఎక్కువ కాలం బతికారు, బీపీ తగ్గినా వేగం తగ్గని వాళ్ళు అంత కాలం బతకలేదు. విజ్ఞానపరంగా ఇది చాలా విలువైన పరీక్ష. అయినా మీ నాన్నగారికి ఇప్పుడు దాని కోసం డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను. 98 తేడా, ఎక్స్‌రేలో కాల్షియం, గుండె గోడ మందం, ఈ మూడూ కలిసి జవాబు ఇప్పటికే చెప్పేశాయి. ఆ పరీక్షలో 11 వచ్చినా 14 వచ్చినా చేయాల్సిన వైద్యం మారదు. ఆ డబ్బుతో మంచి బీపీ మిషన్ కొనండి. షుగర్ సెంటర్లలో చేతులకు, కాళ్ళకు పట్టీలు కట్టి తీసే రిపోర్టులో కాలు-చేయి బీపీ నిష్పత్తి 1.4 పైన వస్తే, కాళ్ళలో రక్తప్రసరణ బ్రహ్మాండంగా ఉందని అర్థం చేసుకోకండి. ధమని పట్టీకి లొంగనంత గట్టిగా ఉంటే కూడా అంకె అలా ఎక్కువొస్తుంది. అప్పుడు కాలి వేలి దగ్గర కొలవాలి.

మళ్ళీ యాంజియో అవసరమా? లక్షణాలు లేకుండా, భయం కొద్దీ వద్దు. బాగా ముదిరిన కిడ్నీ జబ్బుండి, గుండె జబ్బు నిలకడగా ఉన్న 777 మందిపై 2020లో ప్రచురించిన పరిశోధనలో, ముందే యాంజియో చేసి స్టెంట్ వేసినందువల్ల మరణాలు, గుండెపోట్లు తగ్గలేదు. అదే కొత్తగా ఛాతీ నొప్పి వచ్చి గుండెపోటు అనుమానం ఉంటే, డై వల్ల కిడ్నీ పాడవుతుందని యాంజియో వాయిదా వేయకూడదు.

తగ్గుతుందా అని అడిగారు. పేరుకున్న కాల్షియాన్ని కరిగించే మందు ఇప్పటికైతే లేదు. ఎవరైనా ఫలానా కషాయంతోనో, భస్మంతోనో, సెలైన్‌లో ఎక్కించే మందుతోనో రక్తనాళాలు శుభ్రం చేస్తామంటే నమ్మకండి, కిడ్నీ ఉన్నది కూడా పోతుంది. కానీ బిరుసుతనమంతా కాల్షియమే కాదు. బీపీ ఒత్తిడి వల్ల, ఉప్పూ నీరూ ఎక్కువై, లోపలి పొర పనితీరు చెడి వచ్చిన భాగం తగ్గుతుంది. గుండె గోడ మందం కూడా ఏడాది రెండేళ్ళు బీపీ అదుపులో ఉంటే తగ్గడం ఎకోలో చూస్తాం.

నడక నిజంగా సాయం చేస్తుంది. రోజూ అరగంట, మాట్లాడుతూ నడవగలిగేంత వేగం. గాజువాక నుంచి రోజూ బీచ్ రోడ్డుకు రావడం కుదరదు, దగ్గరున్న పార్కో కాలనీ వీధులో చాలు. ఆయాసం కొత్తగా మొదలైతే నడక ఆపి ముందు డాక్టరును చూడండి. పొగ తాగుతారా అన్నది మీరు రాయలేదు. సిగరెట్టు, చుట్ట ఏదైనా సరే, మన వైపు పల్లెల్లో పెద్దవాళ్ళు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగైనా సరే, ధమనులను గట్టిపరిచేదే. మోకాళ్ళకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వద్దు. అవి కిడ్నీని దెబ్బతీయడమే కాదు, ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలిపేసి బీపీ పెంచుతాయి, టెల్మిసార్టన్ పనిని పాడుచేస్తాయి.

ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి విశాఖకు వచ్చే రోగులను చూస్తూనే ఉంటాం. అక్కడి జబ్బులో సాధారణంగా షుగర్ ఉండదు, మూత్రంలో ప్రొటీన్ తక్కువ పోతుంది, మొదట్లో బీపీ కూడా పెద్దగా ఉండదు. కారణం ఒక్కటని ఇంకా తేలలేదు. మీ నాన్నగారిది అలా కనిపించడం లేదు. పదిహేనేళ్ళ షుగర్, 420 అల్బుమిన్, ఎక్కువ బీపీ, ఇది షుగర్ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు చిత్రం. కళ్ళ వెనక రెటీనా పరీక్షలో షుగర్ దెబ్బ కనిపిస్తే ఆ మాట ఇంకా బలపడుతుంది. ఆ పరీక్ష ఈ ఏడాది చేయించకపోతే చేయించండి. నీళ్ళు మార్చడం వల్ల ఇప్పుడు ఒరిగేది లేదు. కిడ్నీ కడిగేద్దామని రోజుకు నాలుగైదు లీటర్లు తాగించకండి, దాహానికి తగ్గట్టు చాలు.

వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వారం రోజుల ఇంటి బీపీ పట్టిక, నిలబడి తీసిన అంకెలు, షాపులో కొన్నవాటితో సహా వేసుకునే మాత్రలన్నీ తీసుకెళ్ళండి. పొటాషియం, ఫాస్ఫరస్, కాల్షియం, హిమోగ్లోబిన్, మూడు నెలల షుగర్, కొలెస్టరాల్ రిపోర్టులు లేకపోతే అడిగి చేయించండి.

షుగర్, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవాళ్ళకు గుండెపోటు వస్తే ఛాతీ నొప్పి ఉండకపోవచ్చు. అకస్మాత్తుగా ఆయాసం, చెమటలు, చెప్పలేని నీరసం, దవడ లేదా పొట్ట పైభాగంలో నొప్పి, ఇవే కనిపించవచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేసి, ఈసీజీ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి. కిడ్నీ జబ్బు ఉందని, క్రియాటినిన్ 2.1 అని అక్కడ ముందే చెప్పండి. ఇలాంటి రోగుల్లో గుండెపోటును పట్టే ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష తరచుగా కొంచెం ఎక్కువే చూపిస్తుంది కాబట్టి, కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేసి, పెరుగుతోందా లేదా అన్నది చూసి నిర్ణయిస్తారు. పాత ఎకో, పాత ఈసీజీ కాగితాలు ఒక కవరులో పెట్టి, చేతికందే చోట ఉంచండి.